అప్‌డేట్: ప్రోటీన్ డబ్బా కొనలేదు

కిలో బరువుకు 3 గ్రాముల ప్రోటీన్ తినాలని, పౌడర్ డబ్బా కొనక తప్పదని తిరుపతిలో మా జిమ్ కోచ్ పట్టుబడుతున్నాడని ఇదివరకు అడిగాను. ఓపికగా జవాబిచ్చిన వారందరికీ ధన్యవాదాలు.

డబ్బా కొనలేదు. జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసు ప్రకారం మామూలు పెద్దవారికి కిలోకు 0.83 గ్రాములు చాలు. బరువులెత్తే వారిపై జరిగిన 49 అధ్యయనాలను కలిపి 2018లో విశ్లేషిస్తే, సుమారు 1.6 గ్రాములు దాటాక కండకు అదనపు లాభం కనిపించలేదు. నా బరువు 68 కిలోలు, అంటే రోజుకు 109 గ్రాములు. కోచ్ లెక్కన 204! ఆ మిగతాది ఆయన డబ్బాల వ్యాపారానికే బలం.

నాలుగు గుడ్లు, అర లీటరు పాలు, 150 గ్రాముల కోడిమాంసం, గుప్పెడు వేరుశనగలు, పప్పు, రాగిసంగటి కలిస్తే లెక్క ఇంచుమించు సరిపోతోంది. శనివారం మా ఇంట్లో మాంసం, గుడ్డు ముట్టరు కాబట్టి ఆ రోజు మీల్‌మేకర్ కూర. ఎండువి 50 గ్రాములు వండితే 25 గ్రాముల ప్రోటీన్ వస్తుంది.

ఉలవచారు తాగితే చాలదా అంటుంది అమ్మ. ప్రోటీన్ చాలావరకు గింజలోనే ఉండిపోతుంది. అందుకే చారుకు వార్చాక మిగిలిన ఉలవలను పశువుల కుడితిలోకి పోనివ్వకుండా, ఎండుమిరపకాయ, కరివేపాకుతో తాలింపు పెట్టించి నేనే లాగిస్తున్నాను.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఈ లెక్క వర్తించదు; మా నాన్నగారు డాక్టరు చెప్పిన మోతాదే తింటారు.