సంక్రాంతికి ఇండియా వెళ్తున్నాం: హీటర్ 55లో వదలాలా, నీళ్ల మెయిన్ కట్టేయాలా?

ఫ్రిస్కో కొత్తిల్లు
అందరికీ నమస్కారం. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో నిరుడే ఇల్లు కొన్నాం. డిసెంబరులో బయల్దేరి, పండగ చేసుకుని జనవరి ఆఖరుకి తిరిగొస్తాం. అప్పటిదాకా ఇల్లు ఖాళీ. చలికి పైపులు గడ్డకట్టి పగలకుండా, థర్మోస్టాట్ 55 డిగ్రీల దగ్గర పెట్టి వెళ్తే చాలంటారు మావారు. నీళ్ల మెయిన్, అంటే ఇంటికంతటికీ నీళ్లొచ్చే వాల్వు కట్టేసి, పైపులు ఖాళీ చేసి వెళ్దామంటాను నేను. మీరేమంటారు?

ప్లేనో పెద్దాయన
మీవారి మాటే నయం అమ్మా. 55 ఫారన్‌హీట్ అంటే సుమారు 13 సెల్సియస్. ఊరెళ్లేటప్పుడు అంతకన్నా తగ్గించొద్దని రెడ్‌క్రాస్ వాళ్లు కూడా చెప్తారు. సింకుల కింద అల్మరా తలుపులు తీసి ఉంచండి. బయటి కుళాయిలకున్న గొట్టాలు ఊడదీసి, ఫోమ్ తొడుగులు వేయండి. నేనెప్పుడూ ఇంతే చేసి వెళ్తాను. ఇక్కడ గడ్డకట్టే చలి రెండు మూడు రోజుల ముచ్చటే కదా.

మీటరు మూత
పెద్దాయన గారూ, ఆ 55 నిలవాలంటే కరెంటు ఉండాలి. 2021 ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయంలో మైనస్ 2 ఫారన్‌హీట్, అంటే మైనస్ 19 సెల్సియస్ నమోదైంది. ఆ వారంలో మన టెక్సస్ రాష్ట్రంలో 45 లక్షల ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. గ్యాస్ ఫర్నేస్ ఉన్నవాళ్లూ వణికారు, ఎందుకంటే వేడిగాలిని గదుల్లోకి తోసే ఫ్యాను నడిచేది కరెంటుతోనే.

అప్పుడు మా పక్కింటివాళ్లు విజయవాడలో ఉన్నారు. గ్యారేజీ తలుపు కింద నుంచి నీళ్లు పారుతుంటే చూసి, ఫోన్ చేసి తాళం కోడ్ అడిగి లోపలికెళ్లాం. హాల్లో సీలింగ్ షీటు నాని, ఉబ్బి, కిందికి జారి ఉంది. చూస్తుండగానే గులాబీరంగు ఇన్సులేషన్‌తో సహా సోఫా మీద కూలింది. పైన యాటిక్‌లో, అంటే కప్పు కింది అటకలో, పైపు పగిలింది. వాకిట్లో మీటరు పెట్టె మూత మంచుకు బిగుసుకుపోయింది. దాన్ని స్క్రూడ్రైవరుతో ఎత్తి వాల్వు తిప్పేదాకా నీళ్లు పడుతూనే ఉన్నాయి.

నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. అయితే పైపు చాలాసార్లు పగిలేది గడ్డ ఉన్న చోట కాదు. గడ్డకూ మూసిన కుళాయికీ మధ్య ఇరుక్కున్న నీటి ఒత్తిడికి పగులుతుంది. అందుకే ఇంట్లో ఉన్నవాళ్లను కుళాయి సన్నగా వదలమంటారు. ఊళ్లో లేనివాళ్లు వారాల తరబడి అలా ఎలా వదులుతారు? మెయిన్ కట్టేసి వెళ్తే, పగిలినా పోయేది లోపల మిగిలిన నీళ్లే.

మినియాపొలిస్ మంచు
మా దగ్గర మైనస్ 20 కొత్తేం కాదు. కానీ ఇక్కడ పైపులు బేస్‌మెంట్‌లోంచి, లోపలి గోడల్లోంచి వెళ్తాయి. మీకు బేస్‌మెంట్లు ఉండవు కాబట్టి యాటిక్‌లో లాగుతారు. అయినా ఊరెళ్తే మేం మెయిన్ కట్టేస్తాం, హీటరూ వదిలి వెళ్తాం. రెండింటిలో ఒకటే చేయాలని ఎవరన్నారు?

ప్లేనో పెద్దాయన
2021 లాంటిది ఏటా రాదు నాయనా. పైగా ఖాళీ చేయడం తెలియనివాళ్లతో వేరే చిక్కు. మా బంధువొకాయన మెయిన్ కట్టేసి కుళాయిలన్నీ విప్పాడు, నీళ్లు కాచే ట్యాంకును మాత్రం ఆపలేదు. అది ఎలక్ట్రిక్‌ది. నీళ్లు దిగిపోయి ఎలిమెంటు మాడిపోయింది. కొత్తవాళ్లకు సలహా ఇచ్చేటప్పుడు ఇదీ చెప్పాలి.

మీటరు మూత
నిజమే, ఒప్పుకుంటాను. ముందు ట్యాంకు హీటర్ ఆపాలి, తర్వాతే మెయిన్. ఆ తర్వాత మేడమీద ఒక కుళాయి, అన్నిటికన్నా కింద ఉన్నది ఒకటి తెరిచి నీళ్లు దిగనివ్వాలి. టాయిలెట్లు ఒకసారి ఫ్లష్ చేయాలి.

చాలామంది మరిచేది లాన్‌కు నీళ్లు పెట్టే లైను. అది తరచూ ఇంటి వాల్వుకు ముందే చీలుతుంది. ఇంటిది కట్టేసినా దానికి నీళ్లు వెళ్తూనే ఉంటాయి, దాని వాల్వు విడిగా కట్టాలి. నీళ్లు కాచే ట్యాంకు లేని హీటర్ బయటి గోడకు ఉంటే దాన్నీ ఖాళీ చేయించండి. గడ్డకట్టకుండా అందులో ఉండే ఏర్పాటు కూడా కరెంటుదే. ఇంట్లో ఫైర్ స్ప్రింక్లర్లుంటే మాత్రం ప్లంబర్ని అడగకుండా ఏదీ ముట్టుకోవద్దు.

కేటీ అక్క
ఇన్సూరెన్స్ మాట ఎవరూ ఎత్తలేదేం? మాకు పైపు పగిలినప్పుడు కంపెనీవాళ్లు మొట్టమొదట అడిగింది, ఇంట్లో వేడి ఉంచారా, లేకపోతే నీళ్లు కట్టేశారా అని. థర్మోస్టాట్ యాప్‌లో ఉన్న రికార్డే మాకు అక్కరకొచ్చింది. ఇల్లు ఖాళీగా ఉంటే పాలసీలో ఏం రాశారో టికెట్లు కొనేముందే చదువుకోండి. వెళ్లేరోజు వాల్వు ఫొటో తీసి పెట్టుకోండి. తాళం ఒకటి వీధిలోవాళ్లకు ఇవ్వండి.

ఫ్రిస్కో కొత్తిల్లు
మావారు కూడా ఇదంతా చదివారు. రెండూ చేద్దామన్నారు. ఇవాళ వెతికితే మా వాల్వు పెట్టె పొదల కింద, సగం మట్టిలో దొరికింది. కానీ వాల్వు అసలు తిరగట్లేదు. పెద్ద రెంచితో గట్టిగా తిప్పమంటారా?

మీటరు మూత
వద్దమ్మా, కాడ విరిగితే ఆ రోజే ఇంటికి నీళ్లుండవు. ప్లంబర్ని పిలిచి మార్పించండి, అదీ నవంబరు ఆఖర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగకు ముందే. చలి హెచ్చరిక వచ్చాక ఎవరూ దొరకరు.