బర్నీ ఆర్మ్స్ స్టేషన్‌లో రైలు ఆపించేది ఎట్ల?

అనంతపురం_ప్యాసింజర్:
అనంతపురం నుంచి ఇద్దరు పెద్దవాళ్లు ఇంగ్లండులోని నారిచ్‌కు, కొడుకు దగ్గరికి పోతాండారు. బర్నీ ఆర్మ్స్ గాలిమర చూడాలంట. టైంటేబుల్లో ఆ స్టేషన్ దగ్గర అడిగితేనే ఆగుతుందని ఉంది. చైన్ లాగాల్నా ఏంది? రోడ్డు కూడా లేదంటారు. రోడ్డే లేని చోట స్టేషన్ ఎందుకు కట్టినారప్పా?

గుత్తి_సిగ్నల్:
చైన్ జోలికి పోవద్దండి. బండెక్కగానే గార్డుకు "బర్నీ ఆర్మ్స్‌లో దిగాల" అని చెప్పాల, ఏ తలుపు దగ్గర నిలబడాల్నో కూడా అప్పుడే అడగాల. ప్లాట్‌ఫారం చాలా పొట్టి, అన్ని తలుపులూ తెరవరు.

చాలామంది తప్పేది అంతకు ముందే. నారిచ్ నుంచి లైను చివర ఉండే యార్మత్ ఊరికి రెండు దారులు. ఎక్కువ బండ్లు ఏకిల్ మీదుగా పోతాయి, వాటిలో ఎక్కితే బర్నీ ఆర్మ్స్ తగలదు. రీడమ్ మీదుగా పోయేదే ఎక్కాల. కర్నూలు నుంచి అనంతపురం వచ్చే బండ్లు పెండేకల్లు దగ్గర తిరిగి, గుంతకల్లు ముఖం చూడకుండానే గుత్తికి వస్తాయే, అట్లన్నమాట.

తిరుగు ప్రయాణంలో బండి కనబడంగానే ప్లాట్‌ఫారం మీద నిలబడి డ్రైవరుకు కనబడేటట్టు చెయ్యెత్తాల. పక్కన ఎక్కడో కూర్చుంటే ఎవరూ లేరనుకుని పోతాడు. ఆడ ఒకటే లైను, ఒకటే ప్లాట్‌ఫారం, రెండు దిక్కుల బండ్లూ దాని మీదే. టైం చూసి ఎక్కకపోతే నారిచ్‌కు బదులు యార్మత్‌లో తేలతారు.

కడప_మీటర్‌గేజ్:
రోడ్డు లేని మాట నిజమే. నారిచ్ ఉండే నార్ఫోక్ జిల్లాలో మొట్టమొదటి రైలుమార్గం ఈ రీడమ్ దారే, 1844లో తెరిచినారు. రైలు కంపెనీ ఛైర్మన్, రైలింజన్లకు పేరుపడిన ఇంజనీరు జార్జి స్టీఫెన్‌సన్. స్టేషన్ ఉన్న చిత్తడి భూమి థామస్ ట్రెంచ్ బర్నీ అనే భూస్వామిది. ఎప్పటికీ స్టేషన్ ఉండాలనే షరతు మీద భూమి అమ్మినాడు. కంపెనీ వాళ్లు స్టేషన్ కట్టి, బండ్లు ఆపడం మానేసినారు. కాగితంలో స్టేషన్ అని ఉంది గానీ బండి ఆగాలని యాడ ఉందని వాదన! మన రిజిస్ట్రారాఫీసు ముందర కూర్చునే దస్తావేజు రైటరైతే ఆ సందు వదిలేవాడు కాదు. తర్వాత ఒప్పందానికి వచ్చినారు. 1883లో ఏకిల్ దారి తెరవడంతో అసలు రద్దీ అటు పోయింది.

గాలిమర సుమారు 70 అడుగులు. ఎర్రగుంట్ల వాళ్లకు నచ్చే ముక్క ఒకటుంది: మొదట్లో అది సిమెంటు క్లింకర్ (కాల్చిన సిమెంటు గడ్డలు) నూరేది, తర్వాతే పొలాల నీళ్లు తోడడానికి పెట్టినారు. బయటి నుంచి చూసి రావడానికే లెక్క వేసుకోండి.

అనంతపురం_ప్యాసింజర్:
టికెట్టు ఆడ దొరుకుతుందా? బండి తప్పితే?

గుత్తి_సిగ్నల్:
ఆడ కౌంటరూ లేదు, మిషనూ లేదు. నారిచ్‌లోనే రానుపోను టికెట్టు తీసుకోండి. నారిచ్‌లో కౌంటరుంది కాబట్టి, టికెట్టు లేకుండా ఎక్కితే జరిమానా పడొచ్చు. బండి తప్పితే యార్మత్‌కు నీళ్ల గట్టు వెంబడి దాదాపు 8 కిలోమీటర్ల నడక, నీడ ఉండదు, గాలి ఎక్కువ. పెద్దవాళ్లతో అది కుదరదు. దిగేముందే గార్డును తిరుగు బండి టైం అడిగి రాసుకోండి. నీళ్ల సీసా, తినేదేమన్నా చేతిలో ఉండాల, ఆడ ఒక టీ కొట్టు కూడా లేదు.