క్లినికల్ సైకాలజీ పీహెచ్‌డీ: ఎస్‌ఓపీలో సొంత డిప్రెషన్ గురించి రాయాలా, వద్దా?

ప్రశ్న (జిజ్ఞాస): అమెరికాలో చాలా ప్రోగ్రాములకు గడువు డిసెంబరు 1 కాబట్టి ఇప్పుడే తేల్చుకోవాలి. దరఖాస్తుతో పంపే ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్)లో "ఈ రంగమే ఎందుకు?" అన్నదానికి అసలు జవాబు అభ్యర్థికి ఒకప్పుడు వచ్చిన డిప్రెషనే అయితే ఏం చేయాలి?

నిశిత: రాయొద్దు. ఏవి దరఖాస్తును దెబ్బతీస్తాయని సైకాలజీ ప్రవేశాల కమిటీల అధ్యక్షులను అడిగి 2006లో ఒక అధ్యయనం వెలువరించారు. సొంత మానసిక అనారోగ్యం గురించి చెప్పుకోవడం అందులో ఉంది. సాయం చేయాలన్న తపనను అతిగా ఒలకబోయడమూ ఉంది.

కారణం పక్షపాతం ఒక్కటే కాదు. చాలా పీహెచ్‌డీ ప్రోగ్రాముల్లో ఒక ప్రొఫెసర్ తన ల్యాబ్‌కు ఏడాదికి ఒకరినో ఇద్దరినో తీసుకుంటారు, ఐదారేళ్లు వాళ్లతోనే పని. అందుకని చదివేటప్పుడు ఆయన వెతికేది పరిశోధన ప్రశ్న, చేతికొచ్చిన పద్ధతులు, తన పనితో పొత్తు. రెండు పేజీల్లో పావువంతు అనారోగ్యానికి పోతే ఆ మూడూ పలచబడతాయి. "డిప్రెషనే నన్ను ఈ దారి పట్టించింది" అనే బదులు "చికిత్స మధ్యలో మానేసేవారిని తొలి మూడు సెషన్లలోనే గుర్తించగలమా?" అని మొదలుపెట్టండి. ప్రేరణ ఆ ప్రశ్నలోనే తెలిసిపోతుంది.

దీపశిఖ: నాకు ఇది మింగుడుపడదు. సిగ్గుపడొద్దని రోగులకు చెప్పే రంగం తనలోకి వచ్చేవారిని నోరు మూసుకోమంటుందా? డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే మానసిక చికిత్సను రూపొందించిన మార్షా లైనహాన్ తన అనారోగ్యం గురించి 2011లో బహిరంగంగా చెప్పారు. ఆ అనుభవం ఆమె పనికి బలమైంది.

నిశిత: అప్పటికి ఆమె పేరున్న ప్రొఫెసర్, డీబీటీ స్థిరపడి ఎన్నో ఏళ్లయింది. ఆమె భవిష్యత్తు ఏ ప్రవేశాల కమిటీ చేతిలోనూ లేదు.

దీపశిఖ: అన్నేళ్లు ఆగాల్సి రావడమే కదా తప్పు! అయినా అభ్యర్థి నష్టపోకూడదు కాబట్టి ఒక హద్దు ఒప్పుకుంటాను. మానసిక అనారోగ్యాన్ని స్వయంగా అనుభవించినవారిని పరిశోధనలో భాగస్వాములను చేస్తామని ల్యాబే తన పేజీలో రాసుకుంటే, ఒక్క వాక్యం రాయొచ్చు. మందుల పేర్లు, ఆసుపత్రి వివరాలు వద్దు. ఆ అనుభవం వల్ల పరిశోధనలో వాడే ప్రశ్నావళిలో ఏ లోపం కనబడిందో చెప్పాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం క్యాంపస్‌లలాగా పర్సనల్ హిస్టరీ స్టేట్‌మెంట్ విడిగా అడిగితే ఆ మాట అక్కడ పెట్టండి, ఎస్‌ఓపీని పరిశోధనకే వదిలేయండి.

సమాలోచన: ఇద్దరూ వదిలేసినవి రెండున్నాయి.

ఒకటి, మార్కులు పడిపోయిన సెమిస్టర్. "ఆరోగ్య సమస్య వచ్చింది, తీరింది, తర్వాతి మార్కులు చూడండి" అన్నంత చాలు. ఇది రికమెండేషన్ లెటర్‌లో వస్తే ఇంకా మేలు. అయితే ఏ మాట వరకు రాయొచ్చో లెటర్ రాసేవారికి ముందే స్పష్టంగా చెప్పాలి. లేకపోతే మంచి మనసుతోనే రోగం పేరు కూడా రాసేస్తారు.

రెండు, ఇంటర్వ్యూ. జనవరి, ఫిబ్రవరిల్లో "క్లినికల్‌లోకి ఎందుకు?" అన్న ప్రశ్న తప్పక వస్తుంది. ల్యాబ్ విద్యార్థులతో సరదా భోజనంలోనూ వస్తుంది, వాళ్ల అభిప్రాయం ప్రొఫెసర్‌కు చేరుతుంది. ప్రవేశానికి ముందు అభ్యర్థి వైకల్యం గురించి సంస్థ ఆరా తీయడం అమెరికా రిహాబిలిటేషన్ చట్టం 504 సెక్షన్ నిబంధనల ప్రకారం సాధారణంగా కుదరదు. కానీ మీరే రాస్తే, దాని మీద మాట్లాడే చనువు మీరే ఇచ్చినట్టు. తడబడకుండా రెండు వాక్యాల్లో చెప్పి పరిశోధనకు మళ్లలేకపోతే ఆ వాక్యం ఎస్‌ఓపీలో ఉంచకండి.

దీపశిఖ: ఆ కొలత న్యాయంగా ఉంది. ల్యాబ్ పేజీలో అలాంటి మాటేమీ లేకపోతే మాత్రం నిశిత గారి సలహానే పాటించండి.