పసిబిడ్డకు ఇచ్చే కానుకలో మన పెంపక పద్ధతిని చేర్చవచ్చునా?

చర్చ ప్రారంభం: శ్రీకాకుళం నుంచి ఒక పిన్ని

మా బంధువుల ఇంట త్వరలో బారసాల జరగనున్నది. బిడ్డకు ఏమి తీసుకువెళ్లాలో నిర్ణయించే బాధ్యతను ఇంట్లోవారు నాకు అప్పగించారు. నా పిల్లలను గుడ్డ గోచీలతో, కొయ్య బొమ్మలతో, ప్లాస్టిక్కును వీలైనంత దూరంగా ఉంచి పెంచాను. ఆ పద్ధతి మంచిదని ఇప్పటికీ నమ్ముతున్నాను. కనుక ఉతికి మళ్లీ వాడుకునే గోచీల మూటను, ఏటికొప్పాక లక్క బొమ్మలను ఇద్దామనుకున్నాను. అయితే ఆ తల్లి డైపర్లు వాడాలని ముందే నిశ్చయించుకున్నదనీ, నా కానుక ఆమెకు పాఠం చెప్పినట్లుంటుందనీ మా ఆడపడుచు గట్టిగా అభ్యంతరం చెప్పారు. మేలని నమ్మిన వస్తువును ఇవ్వడం మర్యాదకు విరుద్ధమా? పెద్దలు, తల్లులు తమ అభిప్రాయం తెలుపగలరు.

పొందూరు నుంచి ఒక తాతగారు

ఇందులో తప్పేమీ లేదమ్మా. ఇచ్చేవారి మనసు కనిపించని కానుకకు, కవరులో పెట్టి అందించే 116 రూపాయలకు తేడా ఉండదు. మా ఊరి చేనూలు ఖద్దరు పసిబిడ్డ ఒంటికి హాయిగా ఉంటుందని నమ్ముతాను కనుకనే ప్రతి బారసాలకూ ఆ గుడ్డనే తీసుకువెళతాను. ఇంకొక మాట. అమ్మమ్మగారింటివారు పెట్టే ఉగ్గుగిన్నె, మొలతాడు, మురుగులు, కాటుక భరిణె కూడా ఒక పెంపక పద్ధతిని చెప్పేవే. ఆచారంగా వచ్చినవి గనుక వాటిని ఎవరూ ప్రశ్నించరు. కొత్తగా ఒకరు గోచీలు ఇస్తే మాత్రం పాఠం చెప్పారంటారు. ఇది న్యాయం కాదు.

విజయనగరం నుంచి ఒక బాలింత

తాతగారూ, మీ ఉద్దేశం మంచిదే, కానీ అందుకునేవారి వైపు నుంచి చెప్పవలసినది ఉంది. మా బిడ్డ బారసాలలో దగ్గరి బంధువు ఒకరు తల్లిపాల గొప్పతనాన్ని వివరించే పుస్తకాన్ని, దానితోపాటు పాలు పట్టేటప్పుడు వేసుకునే దుస్తులను ఇచ్చారు. అప్పటికి నాకు పాలు చాలక, డాక్టరుగారి సలహాతో బిడ్డకు పాలపొడి పడుతున్నాము. ఆ సంగతి వారికి తెలియదు. చదివింపుల్లో ఆ కానుక పేరు మైకులో వినిపించినప్పుడు హాలులోని వారందరూ నన్నే చూస్తున్నట్లు అనిపించింది. పుస్తకంలోని ప్రతి మాటా నిజమే, అయినా ఆ రోజు నాకు దానివల్ల దుఃఖం తప్ప ఏమీ కలగలేదు.

బొబ్బిలి నుంచి ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు

పిన్నిగారూ, మీ నమ్మకాన్ని నేను గౌరవిస్తాను. కానీ మీ ఆడపడుచుగారి అభ్యంతరంలో బలముంది. గోచీలు ఎవరు ఉతుకుతారో ముందు ఆలోచించండి. మన ప్రాంతంలో తొలికాన్పుకు అమ్మాయి సాధారణంగా పుట్టింట్లోనే ఉంటుంది కాబట్టి, ఆ మూట చివరకు చేరేది రాత్రుళ్లు నిద్ర లేక, బాలింతకు పథ్యం వండుతూ, వచ్చిపోయేవారికి మర్యాదలు చేస్తున్న అమ్మమ్మ చేతికే. పసిబిడ్డ రోజుకు ఎన్నిసార్లు తడుపుతుందో మీకు తెలియనిది కాదు. ముసురు పట్టిన రోజుల్లో ఆ గుడ్డలు ఆరడమే కష్టం, సరిగా ఆరని గుడ్డ కడితే బిడ్డ తొడలు ఒరుసుకుపోతాయి. అందుకునేవారికి కొత్త పని తెచ్చిపెట్టే వస్తువును, ఆ పనిలో పాలుపంచుకోని మనం వారిని అడగకుండా ఇవ్వడం తగదని నా నిశ్చితాభిప్రాయం.

తాతగారు చెప్పిన ఉగ్గుగిన్నె సంగతి ఆలోచించదగినదే. అయితే ఉగ్గుగిన్నెను అల్మారాలో పెట్టుకున్నా ఎవరూ ఏమీ అనరు. గోచీలు వాడకపోతే మాత్రం, మరుసటి పండుగకు కలిసినప్పుడు ఇచ్చినవారే వాటిని గురించి అడుగుతారు.

కానుక తల్లి నిర్ణయాన్ని ఎంతగా మార్చగలదో మన చట్టం కూడా గుర్తించింది. పాలపొడి, పాలసీసాల వ్యాపారులు తల్లులకు నమూనాలు, కానుకలు పంచి అమ్మకాలు పెంచుకోవడాన్ని 1992 నాటి చట్టం నిషేధించింది. అది బంధువులకు వర్తించదు. కానీ తొలి ఆరు నెలలు తల్లిపాలే పట్టాలని గట్టిగా నమ్మే నావంటివారు కూడా, ఆ మాట చెప్పవలసిన చోటు పురిటి గదే తప్ప చదివింపుల బల్ల కాదని విజయనగరం సోదరి అనుభవం చూసి గ్రహించాలి.

భద్రతకు సంబంధించిన వస్తువుల విషయం వేరు. అక్కడ ఇష్టాయిష్టాలకు తావు లేదు. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించరాదు, అందులో ఉండగల సూక్ష్మజీవుల వల్ల ప్రాణాపాయం కలుగుతుంది. కనుక తేనె సీసాను, వసకొమ్మును జతచేసి ఇవ్వడం మానుకోవాలి. చక్రాల వాకర్లను కెనడా 2004లోనే నిషేధించింది. పడక సెట్టులోని దిండ్లు, మెత్తని బొమ్మలు పడుకున్న బిడ్డకు ఊపిరాడకుండా చేయగలవు. ఇటువంటివి తల్లి కోరినా కొనవద్దు, కారణం విడిగా నెమ్మదిగా చెప్పండి.

లక్క బొమ్మలు నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు. నోట్లో పట్టేంత చిన్న భాగాలు లేనివి చూసి, సహజ రంగులు వాడే కళాకారుల వద్దే తీసుకోండి. కర్మాగారంలో తయారైన బొమ్మలైతే 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి.

శ్రీకాకుళం పిన్ని

నర్సుగారికి ధన్యవాదాలు. ఉతికే చేతుల గురించి నేను ఆలోచించలేదు. ఇవాళ ఆ అమ్మాయికే ఫోను చేసి, గోచీలు కావాలో వద్దో మొహమాటం లేకుండా చెప్పమంటాను. వద్దంటే అదే డబ్బుతో ఆమె వాడే డైపర్లే కొంటాను. నాకు ఇష్టం లేకపోయినా సరే.

పొందూరు తాతగారు

విజయనగరం అమ్మాయి అనుభవం విన్నాక, ఇటువంటి కానుకను నలుగురి ముందు కాక గదిలో ఇవ్వడమే మేలని అంగీకరిస్తున్నాను. అడిగి ఇవ్వాలన్న దానికి మాత్రం నా మనసు ఒప్పడం లేదు, ఎందుకంటే అడిగితే ఆ అమ్మాయి మొహమాటపడి సరేననే అంటుంది. నేరుగా కాక, వాళ్ల అమ్మగారి ద్వారా కనుక్కోండమ్మా.