హాస్పిస్ మెడికల్ డైరెక్టర్ పార్ట్‌టైమ్ ఆఫర్, ఒప్పుకునే ముందు ఏం చూడాలి?

టెక్సాస్_హాస్పిటలిస్ట్
అందరికీ నమస్తే. ఇక్కడ ఇంటర్నల్ మెడిసిన్ హాస్పిటలిస్ట్‌గా (హాస్పిటల్లో అడ్మిట్ అయినవాళ్ళని చూసే డాక్టర్‌గా) చేస్తున్నా, ఇంకా హెచ్1బీ మీదే. మా ఊళ్ళో ఒక చిన్న హాస్పిస్ (చివరి దశలో ఉన్న పేషెంట్లకి బాధ లేకుండా చూసే సంస్థ) వాళ్ళు మెడికల్ డైరెక్టర్‌గా పార్ట్‌టైమ్ రమ్మంటున్నారు. వారానికి రెండు మూడు గంటలే డాక్టర్ గారూ, మీటింగ్‌కొచ్చి సంతకాలు పెడితే చాలు, మిగతాది నర్సులు చూసుకుంటారు అంటున్నారు. ఐసీయూలో చివరి రోజుల్లో పేషెంట్లు పడే అవస్థ చూసి చూసి నాకు ఈ పని మీద నిజంగానే మనసుంది, కానీ ఆ సంతకాల మాట దగ్గరే ఆగిపోయా. డాక్టర్ బాధ్యత అసలెంత, ఈ స్పెషాలిటీలో ఫెలోషిప్ (అదనపు ట్రైనింగ్) లేకుండా చెయ్యొచ్చా, టీమ్‌లో ఎవరెవరుండాలి? చేస్తున్నవాళ్ళు కాస్త చెప్పండి.

పాత_హాస్పిస్_డాక్టర్
ఆ సంతకమే అసలు పని అండీ. జబ్బు దాని దారిన అది నడిస్తే ఈ మనిషి ఆరు నెలలకి మించి ఉండరు అని మొదట సర్టిఫై చేసేది హాస్పిస్ డాక్టరు, పేషెంట్‌కి సొంత అటెండింగ్ (ఎప్పుడూ చూసే డాక్టరు) ఉంటే ఆయన కూడా. ఆ తర్వాత రీసర్టిఫికేషన్లన్నీ హాస్పిస్ డాక్టర్ మీదే. మొదట 90 రోజులవి రెండు పీరియడ్లు, తర్వాత 60 రోజులవి ఎన్నైనా. మూడో పీరియడ్ నుంచి ప్రతిసారీ ముందుగా ఫేస్ టు ఫేస్ చూడాలి, ఇది 2011 నుంచి ఉంది, హాస్పిస్ నర్స్ ప్రాక్టీషనర్ (పేషెంట్లని పరీక్షించే పైస్థాయి నర్సు) వెళ్ళి చూసి రావచ్చు గానీ సర్టిఫై చెయ్యడం మాత్రం డాక్టరే. ఎందుకలా అనుకుంటున్నారో నెరేటివ్ కూడా మీరే రాయాలి, వాళ్ళు టైప్ చేసిచ్చిన దాని కింద పేరు పెట్టడం కాదు. డిమెన్షియా పేషెంట్ ఏడాది దాటినా బరువు తగ్గకుండా అలాగే ఉన్నారనుకోండి, ఇక క్వాలిఫై అవ్వరు అని మీరు చెప్తే ఓనర్ ఒప్పుకుంటాడా? నా దృష్టిలో ఇంటర్వ్యూలో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే, రేపు మెడికేర్ (డబ్బు కట్టే ప్రభుత్వ ఇన్సూరెన్స్) ఆడిట్ వస్తే చూసేది మీ రాతనే.

ఫెలోషిప్ తప్పనిసరి కాదు, రూల్ ప్రకారం ఎండీ గానీ డీఓ గానీ (అమెరికాలో డాక్టర్ల రెండు రకాల డిగ్రీలు) అయితే చాలు. హెచ్‌పీఎం (హాస్పిస్ అండ్ పాలియేటివ్ మెడిసిన్) బోర్డుకి మాత్రం 2012 తర్వాత ఫెలోషిప్ కావాల్సిందే. అనుభవం వచ్చాక హెచ్‌ఎండీసీ (హాస్పిస్ మెడికల్ డైరెక్టర్ సర్టిఫికేషన్) పరీక్ష రాసుకోవచ్చు.

కేస్_మేనేజర్_ఆర్‌ఎన్
నర్సు వైపు నుంచి నేను చెప్తా. ఐడీజీ (ఇంటర్‌డిసిప్లినరీ గ్రూప్) అంటే డాక్టరు, ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు), సోషల్ వర్కరు (2024 నుంచి ఫ్యామిలీ థెరపిస్టు లేదా మెంటల్ హెల్త్ కౌన్సెలరు అయినా సరే), చాప్లెయిన్ (మతపరమైన ఓదార్పు ఇచ్చేవారు) లేదా కౌన్సెలరు, ఈ నలుగురూ కూర్చుని ప్రతి పేషెంట్ ప్లాన్‌ని కనీసం 15 రోజులకొకసారి చూడాలి, హాస్పిస్ ఎయిడ్‌ల (స్నానం లాంటివి చేయించే సహాయకుల) పని మీద ఆర్‌ఎన్ 14 రోజులకొకసారి సూపర్‌విజన్ చెయ్యాలి, పేషెంట్ కేర్ గంటల్లో 5 శాతానికి సమానంగా వాలంటీర్లు ఉండాలి, ఇవన్నీ కాగితం మీద ఎవరైనా చూపిస్తారు. కానీ ఒక నర్సుకి ఎంతమంది పేషెంట్లు అనేదానికి మెడికేర్ రూల్‌లో అంకె లేదు, అసలు కష్టం అక్కడే ఉంది, పన్నెండు పదిహేను మంది అంటే మనసుపెట్టి చెయ్యగలం, ఇరవై దాటితే కారులోనే రోజు అయిపోతుంది, పేషెంట్ కూతురు ఏడుస్తుంటే పక్కన పది నిమిషాలు కూర్చోడానికి ఉండదు. కాబట్టి కేస్‌లోడ్ ఎంత, ఈ ఏడాది ఎంతమంది నర్సులు మానేశారు, వీకెండ్ విజిట్ ఎవరు చేస్తారు అని అడగండి.

ఇంకోటి, రాత్రి రెండింటికి పేషెంట్ ఆయాసంతో కొట్టుకుంటుంటే కంఫర్ట్ కిట్‌లో (ఇంట్లో ముందే ఉంచే అత్యవసర మందుల పెట్టెలో) మార్ఫిన్ ఉంటుంది, ఇచ్చినా తగ్గకపోతే డోసు పెంచడానికి నాకు ఆర్డర్ కావాలి, అప్పుడు ఫోనెత్తే డాక్టరే మాకు లీడరు. మీరు నైట్ షిఫ్ట్‌లో ఉన్నా, ఇండియా వెళ్ళినా మీ బదులు ఎవరో ముందే పేరు రాసి ఉండాలి, అది కూడా రూలే.

వీసా_మాట
డాక్టర్ గారూ, వేరే ఎంప్లాయర్ దగ్గర పార్ట్‌టైమ్ అంటే వాళ్ళు కాంకరెంట్ హెచ్1బీ (ఇప్పుడున్న దానితో పాటు రెండో హెచ్1బీ) ఫైల్ చెయ్యాలి, 1099 మీద (ఉద్యోగిగా కాకుండా కాంట్రాక్టర్‌గా) ఇస్తాం అంటే ఒప్పుకోకండి, ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. హాస్పిటల్ ఇచ్చే మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ ఈ పనికి కవర్ కాకపోవచ్చు, రాతపూర్వకంగా అడగండి. జీతం మీరు పంపే రెఫరల్స్‌తో ముడిపడి ఉంటే అది యాంటీ కిక్‌బ్యాక్ చట్టం (పేషెంట్లని పంపినందుకు డబ్బు తీసుకోకూడదనే చట్టం) కిందకొస్తుంది, చాలా పెద్ద తలనొప్పి.

టెక్సాస్_హాస్పిటలిస్ట్
అందరికీ చాలా థాంక్స్. అడిగా. కేస్‌లోడ్ సూటిగా చెప్పలేదు, కనుక్కుని చెప్తాం అన్నారు. ఒప్పుకునే ముందు ఒక ఐడీజీలో కూర్చుంటా అంటే కాన్ఫిడెన్షియాలిటీ ఫారం సంతకం చేసి రమ్మన్నారు.

కేస్_మేనేజర్_ఆర్‌ఎన్
మంచి పని చేశారు. అక్కడ సోషల్ వర్కరూ చాప్లెయిన్ మాట్లాడుతున్నప్పుడు ఇప్పుడున్న డాక్టర్ వింటున్నారా, ఫోన్ చూసుకుంటున్నారా గమనించండి. మీటింగ్ అయ్యాక ఒక నర్సుని పక్కకి పిలిచి రాత్రిళ్ళు ఎవరు ఫోనెత్తుతారమ్మా అని అడగండి.