సోంఘాయ్‌ను కూల్చింది మొరాకో తుపాకులా, అన్నదమ్ముల కొట్లాటా?

పాతపటం:
మొన్న ఒక వీడియోలో, పశ్చిమాఫ్రికాలో నైజర్ నది పొడుగునా ఏలిన సోంఘాయ్ రాజ్యం గురించి మళ్ళీ అదే కథ విన్నాను. 1591 మార్చిలో మొరాకో సుల్తాను అహ్మద్ అల్ మన్సూర్ పంపిన నాలుగు వేల మంది సహారా దాటొచ్చారు, సోంఘాయ్ రాజధాని గావో నగరానికి కాస్త ఎగువన టొండిబీ దగ్గర తుపాకులు పేల్చారు, దానికి పది రెట్లున్న సోంఘాయ్ సైన్యం చెల్లాచెదురైంది, రాజ్యం ఒక్క పూటలో పోయింది. నాకిది మింగుడుపడదు. సున్నీ అలీ 1464 నుంచి 1492 దాకా గుర్రం దిగకుండా టింబక్టూ, జెన్నే నగరాలు పట్టి కట్టిన రాజ్యం అది. తర్వాతి రాజుల బిరుదు ఆస్కియా; ఆస్కియా ముహమ్మద్ దానికి పాలన నేర్పాడు, ఆస్కియా దావూద్ ముప్పై ఏళ్ళకు పైగా ఏలాడు. నా లెక్కలో అది పోయింది 1588లోనే, దావూద్ కొడుకుల తన్నులాటలో. టొండిబీలో జరిగింది దినకర్మే.

ఎదురీత:
పాతపటం గారూ, కుర్చీ కోసం కొట్టుకోవడం గావోలో కొత్తా? ఆస్కియా ముహమ్మద్ సింహాసనం ఎక్కిందే 1493లో సున్నీ అలీ కొడుకుని తరిమి. ముసలితనంలో చూపు పోయాక ఆయన్ని సొంత కొడుకే దింపేశాడు. తర్వాత గద్దెనెక్కిన ఇంకొకడు ఆ గుడ్డి ముసలాయన్ని నైజర్ నదిలో దోమలూ కప్పలూ తప్ప ఏమీ లేని లంకలో పడేశాడు. ఇంత జరిగాక కూడా రాజ్యం చావలేదు సరికదా, దావూద్ హయాంలో ఓ వెలుగు వెలిగింది. అంటే ఈ గొడవలు దానికి అలవాటైన జబ్బే. 1591లో కొత్తగా వచ్చింది ఒక్కటే, తుపాకి.

పాతపటం:
అలవాటైన జబ్బే, కానీ ఈసారి పాకిన చోటు వేరు. అంతకు ముందు గొడవలు ఎక్కువగా రాజకుటుంబం లోపలే తేలిపోయేవి. 1588లో దావూద్ కొడుకులు రాజ్యాన్నే తూర్పు, పడమరలుగా చీల్చారు. టింబక్టూ రేవైన కబారాలో బలమా అనే సైనిక పదవిలో ఉన్న సాదిక్, అక్కడి రాజోద్యోగిని చంపి, పడమటి సేనలన్నీ కూడగట్టుకుని గావో మీదికి బయల్దేరాడు. టింబక్టూ పెద్దలు అతని వైపు నిలబడ్డారు. ఎదుర్కోవడానికి బయల్దేరిన రాజు దారిలోనే చనిపోతే, గావోలో రెండో ఇస్‌హాక్‌ని గద్దెనెక్కించారు. అతను గెలిచాడు, కానీ ఏం గెలిచాడు? తన సైన్యంలో సగాన్ని తనే నరుక్కున్నాడు, ఆ మీదట పడమటి దొరల మీద పగ తీర్చుకున్నాడు. ఇది జరిగి మూడేళ్ళు తిరక్కుండానే మొరాకో వాళ్ళు దిగారు.

చెరువుగట్టు:
మీ ఇద్దరికీ ఒక ప్రశ్న. తుపాకి అంత బ్రహ్మాస్త్రమైతే సోంఘాయ్ దగ్గర ఎందుకు లేదు? అదే కాలంలో, తూర్పున చాద్ సరస్సు పక్కన బోర్నూ రాజు ఇద్రిస్ అలౌమా తుర్కుల చేత తర్ఫీదు ఇప్పించి తుపాకీ దళం తయారు చేసుకున్నాడు. పక్కవాడికి దొరికిన సరుకు వీళ్ళకి దొరకలేదంటే ఆ తప్పు గావో దర్బారుదే కదా. గుర్రపు దళం ఉందన్న ధీమా తప్ప ఇంకేం కాదు.

ఎదురీత:
అక్కడే పొరబడుతున్నారండీ. బోర్నూ దారి నేరుగా ట్రిపోలీకి, అంటే ఒట్టోమన్ తుర్కుల దగ్గరికి పోతుంది. సోంఘాయ్ నుంచి ఉత్తరానికి పోయే ముఖ్యమైన దారి తఘాజా ఉప్పు గనుల మీదుగా మొరాకోకి పోతుంది. శత్రువు గుమ్మం ముందు నుంచి తుపాకులు ఎలా తెచ్చుకుంటారు? ఆ గనుల కోసమే కదా సగం గొడవ. సుల్తాను ఉప్పు మీద పన్ను అడిగితే ఇస్‌హాక్ తిట్టిపోస్తూ ఉత్తరం రాసి, దాంతో పాటు ఈటెలు పంపాడు. ధీమా అంటే అది, ఒప్పుకుంటా.

ఉప్పుబిళ్ళ:
అసలు ఆ రోజు ఏం జరిగిందో చూడండి. మొరాకో సేనాని జూదర్ పాషా స్పెయిన్‌లో పుట్టినవాడు. అతని తుపాకీ దళంలోనూ చాలామంది ఆ దేశం నుంచి వచ్చినవాళ్ళే. సోంఘాయ్ వాళ్ళు వెయ్యి ఆవుల మందని ముందు తోలి శత్రువు వరస చెదరగొడదామనుకున్నారు. తుపాకుల మోతకి ఆ మంద వెనక్కి తిరిగి సొంతవాళ్ళనే తొక్కింది. అందరూ పారిపోయినా మేలిమి యోధుల దళం ఒకటి కాళ్ళు కట్టేసుకుని డాళ్ళ మీద కూర్చుంది, కదలకుండా చచ్చింది. కాబట్టి ఆ పూట వరకు తుపాకిదే గెలుపు, అందులో వాదన లేదు.
కానీ తర్వాత? దక్షిణాన డెండి ప్రాంతంలో, తర్వాత సోంఘాయ్ రాజైన ఆస్కియా నూహ్ అవే తుపాకులని ఏళ్ళ తరబడి ముప్పుతిప్పలు పెట్టాడు. చిత్తడి నేలలు, అడవి, రోగాలు, చచ్చే గుర్రాలు. డెండిని మొరాకో లొంగదీసుకోలేకపోయింది. తుపాకి మైదానంలోనే మొనగాడు.

కొత్తసభ్యుడు:
ఇంతకీ వాళ్ళు వచ్చింది బంగారం కోసం అంటారు, దొరికిందా?

ఉప్పుబిళ్ళ:
బంగారం కొంత దొరికింది తమ్ముడూ, కానీ గనులు దొరకలేదు. బంగారం పండేది ఇంకా దక్షిణాన, పడమటన, సోంఘాయ్ చేతిలో లేని చోట. గావో చేరిన జూదర్‌కి, మొరాకో రాజధాని మర్రాకెష్‌లో గాడిదలు తోలేవాళ్ళ పెద్ద ఇల్లు ఇక్కడి రాజమహలు కన్నా మేలు అనిపించిందట! ఇస్‌హాక్ లక్ష మిత్కాళ్ళ (అప్పటి బంగారం తూకం) బంగారం, వెయ్యి మంది బానిసలు ఇస్తాం, వెనక్కి పొండి అంటే జూదర్‌కి బేరం నచ్చింది. సుల్తానుకి ఒళ్ళు మండి, జూదర్‌ని తీసేసి మహమూద్ పాషాని పంపాడు.

వరిమడి:
అందరూ రాజుల గురించే మాట్లాడుతున్నారు. నైజర్ పొడుగునా రాచపొలాల్లో వరి పండించింది బానిసలు. ఆ వెయ్యి మంది కూడా ఆకాశం నుంచి ఊడిపడరు కదా. పైన దొర మారినంత మాత్రాన వాళ్ళు ఎవరి కోసం ప్రాణాలిస్తారు? దెబ్బ తగలగానే చుట్టుపక్కల ఫులానీ, తువారెగ్, బంబారా జాతులవాళ్ళు ఎవరి వాటా వాళ్ళు లాక్కోవడానికి దిగారు. సోంఘాయ్ కోసం సోంఘాయ్ వాళ్ళే పోరాడారు. జయించి కలుపుకున్న జనాన్ని తనవాళ్ళని చేసుకోని రాజ్యానికి ఒక్క ఓటమే చాలు. నా ఓటు తుపాకికీ కాదు, అన్నదమ్ములకీ కాదు.

పాతపటం:
వరిమడి గారు చెప్పింది నా వాదనకే బలం. 1588 లేకపోయినా టొండిబీలో ఓడేవారేమో, అది నాకు ఇబ్బంది కాదు. కానీ ఓడాక వెనక్కి తగ్గి నిలబడడానికి పడమటి సైన్యం ఉండేది, అండగా టింబక్టూ ఉండేది. ఆ రెంటినీ ఇస్‌హాకే పోగొట్టుకున్నాడు. జూదర్ టింబక్టూలోకి యుద్ధం లేకుండా అడుగు పెట్టాడు. ఇటు ఇస్‌హాక్‌ని సొంతవాళ్ళే దింపేశారు.

ఎదురీత:
టింబక్టూ మీద అంత నింద వద్దు. యుద్ధం లేకుండా లోపలికి రానిచ్చిన ఊరే అదే ఏడాది చివర్లో మొరాకో దండు మీద తిరగబడింది. అందుకే 1593లో మహమూద్ పాషా సుల్తానుకి విధేయులమని ప్రమాణం చేయాలని చెప్పి పండితులందరినీ ఊళ్ళోని సంకోరే మసీదుకు రప్పించి బంధించాడు. వాళ్ళలో అహ్మద్ బాబా ఒకడు. సంకెళ్ళతో మర్రాకెష్ తీసుకుపోయాక సుల్తాను ఎదుటే నిలబడి, నా పుస్తకాలు 1600 దోచుకున్నారు, మా బంధువుల్లో అందరికన్నా చిన్న గ్రంథాలయం నాదే అన్నాడు. 1588లో ఇస్‌హాక్ చేతిలో దెబ్బతిన్న ఊరే ఇది. దానికి మొరాకో వాడు అంతకన్నా పరాయివాడే అయ్యాడు, మీ చీలిక లెక్కలో ఇది ఎక్కడ ఇముడుతుందో చెప్పండి.