మూడు మెయిళ్లు పెట్టినా షట్‌డౌన్‌కి జవాబు లేదు

పరవాడ_మెయింటెనెన్స్: కూలింగ్ వాటర్ పంపు 101ఎ వైబ్రేషన్ పెరుగుతోంది, షట్‌డౌన్ కావాలని ప్రొడక్షన్ మేనేజర్‌కి మూడో మెయిల్ పెట్టాను. ట్రెండ్ గ్రాఫులు, ఫోటోలు అన్నీ జతచేశాను. మూడు గంటలు కూర్చుని ఇంగ్లీషు దిద్దాను. ఉలుకూ పలుకూ లేదు. ఇంకెలా రాయాలండీ?

గాజువాక_ప్లానింగ్: సబ్జెక్ట్ లైన్ ఏంటి?

పరవాడ_మెయింటెనెన్స్: ‘పంపు వైబ్రేషన్ గురించి’.

గాజువాక_ప్లానింగ్: అక్కడే పోయింది.

ఆటోనగర్_బేరింగ్స్: అది తర్వాత. రీడింగు ఎంత? ఆర్‌ఎంఎస్సా (ఒకరకం సగటు), పీకా (గరిష్ఠం)? సెకనుకు 7.1 మిల్లీమీటర్లు అని రాసి వదిలేస్తారు. శుద్ధ సైన్ తరంగానికి పీక్ అంటే ఆర్‌ఎంఎస్‌కి 1.414 రెట్లు, అంటే 10 దాకా. బేరింగు పాడైతే సిగ్నల్ శుద్ధ సైన్‌గా ఉండదు, ఆ లెక్క కూడా పనికిరాదు. ఏ ఎండ్, ఏ దిశ అన్నది కూడా రాయాలి.

పరవాడ_మెయింటెనెన్స్: 7.1 ఆర్‌ఎంఎస్, డ్రైవ్ ఎండ్ (మోటారు వైపు), హారిజాంటల్. పోయిన వారం 4.2. గ్రాఫులో ఉన్నాయి కదండీ.

కూర్మన్నపాలెం_మెకానికల్: గ్రాఫు తెరిచే తీరిక ఆయనకెక్కడిది బాబూ. స్టాండ్‌బై పంపు ఉందా?

పరవాడ_మెయింటెనెన్స్: ఉంది సార్, 101బి. ఆయనకి తెలిసిందే కదా.

కూర్మన్నపాలెం_మెకానికల్: మరి షట్‌డౌన్ అని ఎందుకు రాశావు? ప్రొడక్షన్ వాళ్లకి ఆ మాట వినగానే ప్లాంటు ఆగడం, బ్యాచ్ పోవడం గుర్తొస్తాయి. నువ్వు అడగాల్సింది ఛేంజోవర్, అంటే 101బి నడిపి 101ఎ ఆపడం. సబ్జెక్ట్‌లోనే చెప్పు: ‘అనుమతి కోసం: 101ఎ నుంచి 101బి కి ఛేంజోవర్, గురువారం ఉదయం 10కి. ప్లాంటు ఆగదు.’ లోపల మొదటి వాక్యంలో అదే అడుగు. తర్వాత కారణం, వారంలో 4.2 నుంచి 7.1. ఆపైన పని 6 గంటలు, బేరింగు స్టోర్‌లో ఉందో లేదో. ఆ 6 గంటలూ స్టాండ్‌బై ఉండదు, ఆ రిస్కు దాచకు. బుధవారం సాయంత్రం 5 లోపు జవాబు కావాలని రాయి. గ్రాఫు ఒకటి చాలు. సీసీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఉంటే చాలు, పైవాళ్లని పెడితే ఫిర్యాదులా ఉంటుంది.

గాజువాక_ప్లానింగ్: ముందు ఫోన్. మెయిల్ తర్వాత.

కూర్మన్నపాలెం_మెకానికల్: కాదు. అంకెలు ఎదురుగా లేకపోతే ఫోన్‌లో ‘చూద్దాం’ అంటారు. మెయిల్ పెట్టి, పది నిమిషాల్లో ఫోన్.

ఆటోనగర్_బేరింగ్స్: 101బి ఎన్నాళ్లుగా ఆగి ఉంది? పక్క పంపు అదురుకి ఆగి ఉన్న బేరింగు రేసుల (లోపలి, బయటి రింగుల) మీద గుంటలు పడతాయి. ముందు నడిపి, దాని రీడింగు కూడా మెయిల్లో పెట్టండి.

పరవాడ_మెయింటెనెన్స్: ఒప్పుకున్నారు, 10 కాదు 11కి. థాంక్సండీ.

ఆటోనగర్_బేరింగ్స్: 101బి రీడింగు ఎంతొచ్చింది?